ఇంటిముందు గడ్డి, ఇంటిల్లిపాదికీ సుఖం

ఇంటిముందు కూరగాయలు పండించేవాళ్లు అజ్ఞానులు. ఈ మాట అనడానికి నాకేమీ సంకోచం లేదు. పదకొండేళ్లు నేనూ ఆ అజ్ఞానంలోనే బతికాను.

నంద్యాలలో మా ఇంటిముందు నాలుగు మంచాలు పట్టేంత మడి ఉండేది. గోంగూర, వంకాయ, రెండు వరసల టమాటా. పొద్దున్నే లేచి నీళ్లు పోయడం, పురుగులేరడం, కోయడం, మళ్లీ వండడం! ఒక ఆడమనిషికి ఇన్ని కష్టాలు అవసరమా?

అవసరం లేదని మావారు అజయ్ కుమార్ కనిపెట్టారు. ఆయన ఆళ్లగడ్డ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు, ఫోన్లో వీడియోలు చూస్తారు. నేను డోన్‌లో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్లి రెండు రోజులకు తిరిగొచ్చేసరికి మడి మాయం. దాని స్థానంలో ఆర్నమెంటల్ గ్రాస్! ఊదారంగు కుచ్చులున్నది ఫౌంటెన్ గ్రాసట. ఒంటినిండా చారలున్నది జీబ్రా గ్రాసట. మూలన నీలంగా బిక్కుబిక్కుమంటున్నదాని పేరు ఆయనకూ తెలీదు.

"సర్‌ప్రైజ్!" అన్నారు.

ఆ రోజు నుంచి నా సుఖం ఏమని చెప్పను? ఇదివరకు ఎవరైనా గుత్తివంకాయ అడిగితే గంటసేపు పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. ఇప్పుడు కిటికీ తెరిచి జీబ్రా గ్రాసు చూపిస్తున్నాను. పక్కింటి ఓబులమ్మ రోజూ వచ్చి గుప్పెడు గోంగూర అడిగేది. ఇప్పుడు గేటు దగ్గరే ఆగిపోతోంది.

"ఏందక్కా, కసువు పెంచుతాండారా?" అంది మొదటిరోజు. "బర్రెను ఎప్పుడు తోలుకొస్తాండారు మరి?"

"ఇది అందానికి, ఓబులమ్మా."

"కసువుకు అందమేందక్కా! మా చేన్లో ఎకరా ఉంది. పీక్కొచ్చి ఇచ్చేదా?"

ఇక మావారిలో వచ్చిన మార్పు చూడాలి! పదకొండేళ్లలో ఒక్క వంగచెట్టుకు చెంబెడు నీళ్లు పోయని మనిషి, గడ్డికి రెండు పూటలా స్ప్రే కొడుతున్నారు. ఒకరోజు దువ్వెనతో కుచ్చులు దువ్వుతుంటే కళ్లారా చూశాను. పెండ్లయిన కొత్తలో కూడా నా జడవంక అంత శ్రద్ధగా చూసినట్టు గుర్తులేదు!

ఇన్ని సుఖాల మధ్య ఒక్కటే చిక్కు. కోత పండుగ. ఆ ఆదివారం మా చర్చిలో ఎవరు పండించింది వాళ్లు బుట్టలో తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. నా గోంగూర కట్టల కోసం ఏటా ముందు వరసలో పోటీ ఉండేది. ఈ లోకంలో నాకంటూ ఉన్న పేరంతా ఆ బుట్టదే. ఈసారి బుట్టలో ఏం పెట్టను?

"మార్కెట్లో కొని పెట్టు. దేవునికి తెలుస్తాదా ఏంది?" అన్నారు మావారు. మూడు తరాలుగా చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టిన మనిషి అన్న మాట ఇది!

పండుగకు ముందురోజు రుద్రవరం నుంచి మా అత్తమ్మ కమలమ్మ దిగింది. అరవై ఏండ్లు చేలల్లో కలుపు తీసిన చెయ్యి ఆమెది. మావారు కాలేజీలో ఉన్నారు. ఆమె గేటు తీసింది, సంచి కింద పెట్టింది, గడ్డివంక చూసింది.

"జెస్సీ, మడి యాడికి పోయిందమ్మీ? ఇంత కసువు పెరిగిందాకా ఏం చేస్తాండారు?"

నేను నోరు తెరిచాను. నిజం, వివరించాలనే తెరిచాను.

"తొలిక ఉందా ఇంట్లో?"

కలుపు తీయడానికి అత్త తొలిక అడిగితే లేదనడం కోడలికి మర్యాదేనా? ఇచ్చాను. అంతలో కుక్కర్ కూత వేసింది, లోపలికి పోక తప్పలేదు. ఆ రోజు ఎందుకో పప్పు ఉడకడానికి రెండు గంటలు పట్టింది.

సాయంత్రం మావారు వచ్చేసరికి మడి దున్నిన చేనులా ఉంది. గోడవారగా గడ్డిమోపు.

"అమ్మా!"

"ఏందిరా ఆ అరుపు? ఇంటి ముందర మోకాటెత్తు కసువు! ఒక్క పొద్దన్నా వంగి పీకినావా నాయనా? పెండ్లాం ఒక్కతే ఎంతని చేస్తాది?"

ఆయన నావంక చూశారు. నేను కుక్కర్‌వంక చూశాను.

మర్నాడు ఆ మోపునే బుట్టలో పెట్టి, ఎర్ర రిబ్బను కట్టి చర్చికి తీసుకెళ్లాను. మావారి ప్రథమ ఫలం కదా! పాణ్యం నుంచి వచ్చే యాకోబన్న వేలంలో పట్టుబట్టి దక్కించుకున్నాడు. "మా బర్రెకు శానా బాగుంటాది సార్! వచ్చే ఏడు కూడా వేయండప్పా!" అని చర్చంతా వినేలా మెచ్చుకున్నాడు.

కాబట్టి పాఠకులారా, మీ ఇంటిముందు కూడా గడ్డే వేయించుకోండి. అదే మావారు బేతంచెర్ల నాపరాళ్లు పరిపించి ఉంటే నా గతేం కాను? అత్తమ్మ తొలికతో రాళ్లను పీకగలదా?

ఆ ఆదివారం సాయంత్రం ఆయన ఖాళీ మడి గట్టున నిలబడ్డారు. తర్వాత, మా పెండ్లయిన పద్నాలుగేళ్లలో మొట్టమొదటిసారి, నన్నొక మాట అడిగారు.

"ఈడ ఏమేద్దాం జెస్సీ?"

"మీ ఇష్టమండీ," అన్నాను వినయంగా.

గోంగూర విత్తనాలు పొద్దున చర్చికి బయల్దేరకముందే చల్లేశాను.