ఆఖర్న రావడం

చాందిని ఎక్కవలసిన వైజాగ్ ఓడ సోమవారం పదకొండు గంటలకు. అందుకని ఆ ఉదయానికి ఆమె ఒక పట్టిక వేసుకుంది. ఏడింటికి ఇడ్లీలు, ఏడున్నరకు పెట్టె సర్దడం, ఎనిమిదింటి నుంచి పది నిమిషాల పాటు అమ్మకు వీడియో గేమ్ నేర్పడం, తరువాత ఓడ ఆగే హడ్డో జెట్టీ. స్నేహితురాలు ప్రత్యూష వాళ్ళక్క పెళ్లి శుక్రవారం. వెళ్ళేటప్పుడు ప్రత్యూషతో కలిసి ఓడలో మూడు రోజులు, వచ్చేటప్పుడు శనివారం విమానం.

"అమ్మా, ఇలా కూర్చో. చేతులు తుడుచుకున్నావా?"

తాయారమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని టీవీ ముందు కూర్చుంది. తెర మీద చక్రాలు లేని బండ్లు ఎనిమిది, గాలిలో తేలుతూ ఆగి ఉన్నాయి. వాటికి భూమి ఆకర్షణ వర్తించదట. దారి మేఘాల మధ్య మెలికలు తిరిగి, ఒకచోట తలకిందులై, మరొకచోట నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోతోంది.

"ఇది నొక్కితే వెళ్తుంది. ఇది తిప్పడానికి. గురువారం దాకా రోజూ మూడు రేసులు వెయ్యాలి, లేకపోతే ఆదివారం సెలెక్షన్‌లో నా నామ్ కాట్ దేంగే, పేరు కొట్టేస్తారు. ఓడలో సిగ్నల్ ఉండదు కదా. ఇవాళ్టివి వేసేశాను. మంగళ, బుధ, గురు నువ్వు వేసెయ్. బస్, అంతే."

"నాకు రాదే."

"రానక్కర్లేదు. ఆఖర్న వచ్చెయ్, పర్వాలేదు. మధ్యలో మాత్రం వదిలెయ్యకు."

గెలిస్తే ఏమవుతుందో చాందిని చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రావచ్చని ఆమెకు తోచలేదు.

ఆ సెలెక్షన్ సంగతి తాయారమ్మకు తెలుసు. పై గ్రూపు నుంచి ఒకరు, కింది గ్రూపు నుంచి ఒకరు ఈ ద్వీపాల తరఫున చెన్నై వెళ్తారు. చాందిని రెండేళ్లుగా ఆ ఒక్క సీటు కోసం కాలేజీ నుంచి వచ్చిన వెంటనే టీవీ ముందు కూర్చుంటోంది. ఏ గ్రూపు సీటో మాత్రం తాయారమ్మ అడగలేదు. అంతలో పక్కింటి సారా గిన్నె పట్టుకుని తోడుకు వచ్చింది. తాయారమ్మ పెరుగు తోడు కోసం ఆ వీధిలో నాలుగిళ్లవాళ్ళు వస్తారు. ఆ మాటల్లో పది నిమిషాలూ అయిపోయాయి.

మంగళవారం కూర దింపి, తలుపు గడియ వేసి ఆమె ఆట మొదలుపెట్టింది. మొదటి రేసులో బండి ఏడుసార్లు గోడకు కొట్టుకుని ఎనిమిదో స్థానంలో వచ్చింది. రెండో రేసులోనూ అంతే. కూతురు చెప్పిన పని చెప్పినట్టే జరిగింది. అలాగే ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

కానీ పర్వాలేదు అనే మాట తాయారమ్మ వంటింట్లో ఎప్పుడూ వినపడలేదు. ఉప్పు చాలని చారు ఆమె వడ్డించదు. అంచులు కలవని దుప్పటిని విప్పి మళ్ళీ మడత పెడుతుంది. తప్పు ఎక్కడుందో చూడాలని కళ్ళజోడు సవరించుకుంది. ఆ బండికి బ్రేకు లేదు. వేలు తీసేసినా జారుతూనే ఉంటుంది. ఇలా జారేదాన్ని ఆమె ఎరుగును. జంగ్లీఘాట్‌లో నాన్న దానయ్య డోంగీ. ఆ మోటారు పడవకూ బ్రేకు ఉండేది కాదు. జెట్టీ ఇంకా ఎంతో దూరం ఉండగానే ఆయన ఇంజను ఆపేసేవాడు. మిగతాదంతా చుక్కాని చూసుకునేది. కొత్తవాళ్ళు జెట్టీ దగ్గరికి వచ్చాక ఆపి, దెబ్బ తిని, సముద్రాన్ని తిట్టేవారు.

మూడో రేసులో ఆమె మలుపుకు చాలా ముందే వేలు తీసింది. మూడో స్థానం వచ్చింది. పాత గ్యాస్ పుస్తకం వెనక పేజీలో రాసుకుంది: 'రెండో మలుపు, నీలం దీపం దగ్గర వేలు తియ్యాలి. నాలుగోది, దీపం కనపడకముందే.'

బుధవారం మూడింటిలోనూ మొదటి స్థానం. టీవీ ఆమె మీద పువ్వులు చల్లింది. ఇరవై మూడేళ్ళ సంసారంలో ఆమె చేసిన పనికి ఎవరైనా పువ్వులు చల్లడం అదే మొదలు. తెర దానంతటదే ఆరిపోయేదాకా ఆమె చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం భర్త సత్యారావు అబర్డీన్ బజార్‌లోని తన హార్డ్‌వేర్ దుకాణం నుంచి భోజనానికి వచ్చాడు. "పప్పేనా? చేప ఏదీ?"

"ఇవాళ ఫస్టొచ్చానండి."

ఏ మహిళా సంఘం వాళ్ళో పెట్టిన ముగ్గుల పోటీ అనుకున్నాడాయన. "మంచిదే. మరి చేప?"

సాయంత్రం ఫోన్ మోగింది. గేమింగ్ క్లబ్ నడిపే రాజ్‌కిరణ్.

"నమస్తే ఆంటీ. చాందిని ఫోన్ లగ్ హీ నహీ రహా, కలవడమే లేదు. బధాయి చెప్పండి. వరసగా మూడు గెలుపులు, సీదా పై గ్రూపులో పడింది."

"మంచిదే కదా బాబూ?"

"ఏం మంచిది ఆంటీ! కిందుంటే ఆదివారం సీటు పక్కా ఈమెదే. పైన ఒక్కొక్కడూ తూఫాను. ఏం తొందరొచ్చిందో ఈ పిల్లకి. ఒకసారి ఫోన్ ఇవ్వండి."

తాయారమ్మ చేతిలో గరిట చల్లబడింది. కూతురి సీటును తన చేత్తోనే తీసి అవతల పెట్టిందన్నమాట. "స్నానం చేస్తోంది" అంది. ఫోన్‌లో అబద్ధం ఆడటం ఆమెకు అలవాటు లేదు, అందుకని మొదట నోటికి వచ్చిందే చెప్పింది. "మళ్ళీ కిందికి దిగాలంటే ఏం చెయ్యాలి బాబూ?"

"రేపు మూడుసార్లు ఆఖర్న వస్తే చాలు. ఆఖర్న రావడానికేముంది ఆంటీ, ఎవరైనా వస్తారు."

గురువారం పొద్దున అతను మళ్ళీ చేశాడు. చాందిని స్నానం చేస్తోంది. పదకొండింటికి మళ్ళీ చేశాడు.

"మూడోసారి కూడా స్నానమేనా ఆంటీ?"

"ఉక్కగా ఉంది బాబూ."

నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వాళ్ళ పేట మిడిల్ పాయింట్‌లో అంతకంటే నమ్మరాని మాట మరొకటి లేదు.

ఆఖర్న రావాలని ఆమె గట్టిగా నిశ్చయించుకుని కూర్చుంది. ఆమెకు తెలియనిదేమిటంటే, ముందురోజు రేసుల రికార్డింగు పై గ్రూపు పిల్లలందరూ చూశారు. మలుపుకు ముందు వేగం తగ్గించి గెలిచే మనిషిని వాళ్ళు ఎన్నడూ చూడలేదు. అందుచేత గురువారం ఆమె వేగం తగ్గించగానే వెనకున్న ఏడుగురూ తగ్గించారు. ఆమె ఇంకా తగ్గించింది. వాళ్ళూ ఇంకా తగ్గించారు. అడవి మొదట్లో ఉండే జిర్కాటాంగ్ గేటు తెరిచాక పోలీసు బండి వెనక, ఒకరినొకరు దాటకుండా అడవిలోంచి పోయే కాన్వాయ్‌లా ఎనిమిది బండ్లూ మేఘాల మధ్య మెల్లగా సాగాయి. గెలుపు గీత ముందు ఆమె ఆగిపోయింది. ఇదేదో కొత్త ఎత్తు అనుకుని వాళ్ళూ ఆగారు. సమయం అయిపోయింది. ముందున్న బండి గెలిచినట్టు ప్రకటించి టీవీ పువ్వులు చల్లింది.

రెండో రేసులో ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. వాళ్ళూ పక్కకు తప్పుకున్నారు. మళ్ళీ పువ్వులు. మూడో రేసులో విసిగిపోయి బండిని వెనక్కి తిప్పింది. మిగతావాళ్ళు మర్యాదగా వెనక్కి తిరిగారు. ఒక పిల్లవాడు మాత్రం తిరగబోయి గోడలో ఇరుక్కుపోయాడు. అతను ఎనిమిది, ఆమె ఏడు.

సాయంత్రానికి ఓడ వైజాగ్ చేరింది.

"అమ్మా! ఫోన్ ఆన్ చెయ్యగానే నూట నలభై మెసేజ్‌లు! ఆ కాన్వాయ్ ఎత్తేంటి? అసలు నేనెక్కడున్నాను?"

"వైజాగ్‌లో."

"ఆటలో అమ్మా!"

తాయారమ్మ చెప్పింది. పెళ్లింటి సందడిని మించి చాందిని గొంతు లేచింది.

"నేనేం చెప్పాను? ఆఖర్న వచ్చెయ్ అన్నాను. ఇత్నా సా కామ్, ఇంత చిన్న పని కూడా రాదా నీకు?"

"రాలేదే. మూడుసార్లు ప్రయత్నించాను."

ఫోన్ పెట్టేశాక తాయారమ్మ కంట్రోలర్‌ను గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేసింది. పిల్లకు రెండేళ్లు పట్టిన పనిని తను రెండు రోజుల పువ్వుల కోసం పాడుచేసింది. అది నిజం. ఆ పువ్వులు బాగున్నాయన్నదీ నిజమే. ఈ రెండింటినీ ఒకేచోట ఎలా సర్దాలో ఆమెకు తెలియలేదు.

ఆదివారం మిడిల్ పాయింట్ కమ్యూనిటీ హాల్లో చాందిని పై గ్రూపు వాళ్ళ మధ్య కూర్చుంది; తల్లీ తండ్రీ వెనక వరసలో కూర్చున్నారు. ఇంట్లో ఏం జరిగిందో ఎవరికీ చెప్పకూడదని తల్లిదగ్గర మాట తీసుకుంది. మొదటి రేసులో ఎనిమిదో స్థానంలో వచ్చింది. గురువారమైతే ఆ స్థానానికి ఎంతో విలువ ఉండేది.

"రాజ్ భయ్యా, ఏ దేఖో." పై గ్రూపులో గట్టివాడైన విన్సెంట్ ఫోన్ చూపించాడు. "ప్రత్యూష పెట్టిన ఫోటోలు. బుధవారం ఈమె ఓడ డెక్ మీదుంది. మరి ఆడిందెవరు?"

రాజ్‌కిరణ్ ఫోటోలు చూశాడు, తరువాత తాయారమ్మను చూశాడు. "ఆంటీ, మరి రెండు రోజులు స్నానం చేసిందెవరు?"

"ఎవరూ చెయ్యలేదు బాబూ. ఆడింది నేను."

హాలంతా నవ్వింది. చాందిని తల వంచుకుంది.

"కూతుర్ని కాపాడుకోవాలని మీరు చెప్తారు ఆంటీ, సమఝ్తా హూఁ. కానీ బయటి ప్లేయర్‌ని పెట్టి ఆడిస్తే రెండేళ్లు బ్యాన్. నేనేం చెయ్యలేను."

రెండేళ్లు అనే మాట వినగానే తాయారమ్మ చేతిసంచి భర్తకు ఇచ్చి, దగ్గరచూపు కళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. "ఆ బుధవారం దారి పెట్టు బాబూ."

నీలం దీపం దగ్గర వేలు తీసింది. నాలుగో మలుపులో దీపం కనపడకముందే తీసింది. బండి గోడను తాకకుండా, జెట్టీకి చేరే పడవలా వంపు తిరిగి దిగింది. నవ్వు ఎక్కడ ఆగిందో ఎవరూ గమనించలేదు. తెర మీద పువ్వులు రాలుతుంటే సత్యారావు మెల్లగా అన్నాడు, "ఓహో, ఈ ఫస్టా! అయితే ఆ రోజు చేప..."

రాజ్‌కిరణ్ చాలాసేపు నియమాలు చదివాడు. "వేరే చెయ్యి పడిన ఐడీ ఆ చేతిదే అవుతుంది. అంటే ఇది మీది ఆంటీ, మీరు పై గ్రూపులో ఆడాలి. ఇంట్లో మనిషే కాబట్టి బ్యాన్ లేదు. చాందిని కొత్త ఐడీ తీసుకోవాలి. కొత్తవాళ్ళకు రోజువారీ రేసుల లెక్క లేదు, కింది గ్రూపే, అదీ ఆఖరి వరస నుంచి."

కోరుకున్న గ్రూపే. కానీ ముందు ఏడుగురు. చాందిని కుర్చీ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. తల్లిని ఒక పని ఎలా చెయ్యాలో ఆమె అడగడం తాయారమ్మకు గుర్తున్నంతలో అదే మొదలు.

"అమ్మా, ఆ నాలుగో మలుపు ఎలా తీస్తున్నావ్?"

"తాతయ్య డోంగీ ఎక్కేదానివి కదా?"

"కళ్ళు మూసుకుని. డర్ లగ్తా థా, అంత భయం."

"ఇప్పుడు తెరుచుకుని ఎక్కు. జెట్టీ కనపడకముందే ఇంజను ఆపెయ్. ఆగుతుందా లేదా అని చూడకు, ఆగుతుంది."

చాందిని ఎనిమిదో స్థానంలో బయలుదేరి, నాలుగో మలుపులో ముగ్గురిని దాటి, అరబండి దూరంతో గెలిచింది. పరుగున వచ్చి తల్లి మెడ పట్టుకుంది. పై గ్రూపు సీటు విన్సెంట్‌కు వెళ్ళింది. తాయారమ్మకు మూడో స్థానం. అది ఆమెకు నచ్చలేదు. ఎక్కడ ఆలస్యమైందో గ్యాస్ పుస్తకంలో రాసుకుంది.

మరుసటి నెల చెన్నై ఓడకు కూతురి వెంట ఆమె కూడా బయలుదేరింది. ఆ ఉదయం పది నిమిషాలు సత్యారావుకు పెరుగు తోడు పెట్టడం నేర్పింది.

"పాలు గోరువెచ్చగా ఉండాలి. ఒక్క చెంచా చాలు. బాగా రానక్కర్లేదండి. నేనొచ్చేదాకా తోడు చచ్చిపోకుండా చూడండి, అంతే."

మూడు రోజుల తరువాత చెన్నైలో సిగ్నల్ రాగానే సారా పంపిన మెసేజ్ కనిపించింది: "దీదీ, తొందరేం లేదు, నెమ్మదిగా రండి. భయ్యా తోడు పెట్టిన పెరుగు చాకుతో కోసేంత గట్టిగా వస్తోంది."