పేడ తెచ్చిందెవరు?

ఒక పెద్ద అడవిలో పులికన్నా ఎక్కువగా అందరూ భయపడేది కమిటీకి. పులైతే ఆకలేసినప్పుడే తింటుంది. కమిటీ నోటీసు ఇస్తుంది, సంజాయిషీ అడుగుతుంది, అది నచ్చలేదంటుంది, అప్పుడు తింటుంది.

దాని పేరు పర్యావరణ పరిరక్షణ కమిటీ. అధ్యక్ష స్థానంలో నెమలి. ఎందుకయ్యా అంటే, వేదిక ఎక్కితే నిండుగా ఉంటుంది. కార్యదర్శి నక్క. శాస్త్ర సలహాదారు గుడ్లగూబ. పగలు దానికి కళ్లు సరిగా ఆనవు గనక సర్వేలన్నీ పగలే పెట్టుకునేది. ఏదీ కనబడదు గనక ఎవరితోనూ మాటపడాల్సిన పని ఉండదు.

ఆ ఏడు తొలకరికి ముందు పొరుగడవితో పందెం పడింది, ఎవరి అడవి శుభ్రంగా ఉందని. వానలు తగ్గాక కొంగల బృందం వచ్చి చూసి తేలుస్తుంది. ఇక కమిటీ నిద్రపోతుందా? శుభ్రం కానిదేదో వెతికింది. పచ్చికబయల్లో పేడ కనబడింది.

గుడ్లగూబ అడవి సభలో గొంతు సవరించుకుని నివేదిక చదివింది. "నలభై చోట్ల పేడ చూశాం. నలభై చోట్లా పేడపురుగులున్నాయి. పేడ లేనిచోట ఒక్క పురుగూ లేదు. కాబట్టి అడవిలోకి పేడ తెస్తున్నది పేడపురుగులే."

ఏనుగు తల దించుకుంది. అందులో సగం దానిదే మరి. కానీ శాస్త్రం ఒకళ్లమీద నేరం మోపాక, మధ్యలో లేచి "అది నాదండీ" అనాలంటే ఏనుగంత ఒళ్లు సరిపోదు.

ముందు వరసలో ఉండ్రాళ్లమ్మ అనే ఆడ పేడపురుగు లేచింది. "అయ్యా, మేం తేవడం లేదు. తీసుకుపోతున్నాం."

"దొర్లిస్తుండగా చూసిన సాక్షులున్నారు," అంది నక్క.

"దొర్లించాం. ఇక్కణ్ణుంచి మా బొరియల్లోకి."

"వచ్చేదో పోయేదో కమిటీ చూసుకుంటుంది. నువ్వు కూర్చో."

"నిలబడ్డా నా ఎత్తు ఇంతే నాయనా."

పొద్దుగూకేలోగా పేడపురుగులన్నీ వాగు దాటిపోవాలని ఉత్తర్వు వచ్చింది. అన్నీ పోయాయి. ఉండ్రాళ్లమ్మ మాత్రం కదల్లేదు. పచ్చికబయలు కింద జానెడు లోతున దానికి ఐదు ఉండలున్నాయి. ఒక్కో ఉండలో ఒక్కో పిల్ల. తల్లి దగ్గరుండి రోజూ తుడవకపోతే ఉండలకి బూజు పట్టి పిల్లలు లోపలే చస్తాయి. నోటీసుకి బూజు పట్టినా ఫరవాలేదు, పిల్లలకి పట్టకూడదు కదా. బొరియ మూతి మూసుకుని లోపలే ఉండిపోయింది.

వానలు మొదలయ్యాయి. పేడ పడిందల్లా పడ్డచోటే ఉంది. దానికింద గడ్డి పసుపెక్కి చచ్చింది. ఈగలు ముసిరాయి. పురుగులు తొలిచిన బొరియల్లోంచి ఇదివరకు నేలలోకి ఇంకే వాన, ఇప్పుడు పేడనంతా కలుపుకుని వాగులోకి పారింది. జింకలు ఒక కాలిమీద నిలబడి మేస్తున్నట్టు, మూడు కాళ్లతో ఈగల్ని తోలుతున్నట్టు గెంతుతూ తిరిగాయి.

గుడ్లగూబ రెండో నివేదిక చదివింది. "పేడ మూడింతలైంది. అంటే పురుగులు దొంగచాటుగా తెచ్చి పోస్తున్నాయి."

వాగు ఒడ్డున ఇరవై అడవిదున్నల్ని కాపలా పెట్టారు. దున్నలు పగలంతా నిలబడి, నిలబడ్డచోటే మేసి, కాపలా కాశాయి. మర్నాడు వాగు ఒడ్డున మోకాలెత్తు పేడ.

"చూశారా ఎంత తెగింపో! కాపలా ముందే పోసి పోయాయి!" అంది నక్క. కాపలా రెట్టింపు చేశారు. పేడా రెట్టింపయింది.

అప్పుడు నక్క ముక్కు ఎగబీల్చింది. "ఒకటేదో ఇక్కడే దాక్కుంది. బయలంతా తవ్వించండి."

అడవిపందికి పండగే. "ఎంత లోతు తవ్వమంటారు?"

"న్యాయం దొరికేంత," అంది నెమలి.

"మూరెడు చాలదాండీ?"

కింద ఉండ్రాళ్లమ్మకి ఈ మాటలు వినబడ్డాయి. జానెడు లోతున తన పిల్లలు. మూరెడు లోతుకి పంది మోర. ఇక దాక్కుని లాభం లేదు. మట్టి తోసుకుని పైకి వచ్చింది.

"తవ్వకండి. ఇక్కడున్నా. శిక్ష వేసేముందు ఒక్క పరీక్ష చెయ్యండి. రెండు పేడకుప్పలు పెట్టండి, రెండూ ఒకేంత. ఒకదానిమీద గిజిగాడి చేత గట్టి బుట్ట అల్లించి కప్పండి, మావాళ్లెవరూ దూరకుండా. రెండోది వదిలెయ్యండి. వాగవతలినుంచి మావాళ్లని రానివ్వండి. మూడ్రోజులు చూడండి. మేం చేరినచోట కుప్ప పెరిగిందా, నేరం మాదే."

పరీక్ష అంటే చుట్టూ జనం చేరతారు, జనం చేరితే ముందో వేదిక పడుతుంది. నెమలి ఒప్పుకుంది.

అడవంతా కూర్చుని చూసింది. బుట్ట కింద కుప్ప పెట్టింది పెట్టినట్టే ఉంది, పైన ఈగలు మాత్రం ముసిరాయి. రెండో కుప్ప మొదటిరోజుకి కూలింది, రెండోరోజుకి పొట్టు మిగిలింది, మూడోరోజు చూద్దుము కదా, మెత్తటి నేల, నాలుగు బొరియలు. అప్పుడే జల్లు పడితే నీళ్లు చప్పుడు లేకుండా అందులోకి ఇంకాయి.

"అరె, నాది ఏమైపోయింది?" అంది ఏనుగు అప్రయత్నంగా. అని నాలుక్కరుచుకుంది.

అందరూ గుడ్లగూబ వైపు తిరిగారు. అది కళ్లు ఇంతేసి చేసుకుని లేచింది.

"ఇన్నాళ్లూ పొరబడ్డాం. పొరపాటు ఒప్పుకోవడం శాస్త్రానికి అలంకారం. పేడపురుగులు పేడ తేవడం లేదు."

ఉండ్రాళ్లమ్మ ప్రాణం లేచొచ్చింది.

"దొంగిలిస్తున్నాయి!"

చప్పట్లు మోగిపోయాయి. "అడవి ఉమ్మడి ఆస్తి!" అని నక్క గుండెలు బాదుకుంది. నిన్నటిదాకా కంపు, ఇవాళ ఆస్తి. "తరతరాలుగా ఎంత పేడ పోయిందో!" అని నెమలి కళ్లొత్తుకుంది.

"తవ్వి రాబట్టమంటారా?" పంది మోర దించింది, సరిగ్గా ఆ ఐదు ఉండలున్న చోట.

ఉండ్రాళ్లమ్మ ఏనుగుకేసి చూసింది. ఆ చూపులో ఒక్కటే ఉంది: ఇన్నేళ్లూ నీ వెనకాల ఎత్తింది ఎవరే?

ఏనుగు లేచింది. సభలో లేవడం దానికదే మొదలు. వెళ్లి పంది ముందు నాలుగు కాళ్లూ పాతి నిలబడింది.

"అధ్యక్షా, తవ్వితే దొంగలకేం నొప్పి? దొంగల చేత చాకిరీ చేయించాలి గానీ. పేడమీద అంత ఆశ కదా వీళ్లకి? బతికినంతకాలం ఎత్తమనండి. వీళ్లే కాదు, వీళ్ల పిల్లలూ! బయల్లోనే బందీలుగా ఉంచండి. ఆ నేలమీద ఎవరూ మోర పెట్టకూడదు. తవ్వి మెత్తన చేశామంటే చాకిరీ సులువైపోదూ?"

"యావజ్జీవం!" అంది నక్క, ఆ ఆలోచన తనదే అయినట్టు. నెమలి పింఛం విప్పి తీర్పు చదివింది.

ఉండ్రాళ్లమ్మ మొహం వెలిగిపోతోంది. ఏనుగు తొండం దించి చెవిలో ఊదింది. "ఏడువమ్మా, ఏడువు. శిక్ష పడింది."

అది వెల్లకిలా పడి ఆరు కాళ్లూ కొట్టుకుంటూ ఏడ్చిన ఏడుపుకి దున్నలకి కూడా జాలేసింది.

వానలు తగ్గి కొంగలు వచ్చేసరికి పచ్చిక అద్దంలా ఉంది. బహుమతి నెమలి అందుకుంది. 'కఠిన శిక్షల ద్వారా పర్యావరణ పరిరక్షణ' అని గుడ్లగూబ ఉపన్యసించింది. అదే వేళ నేల చీల్చుకుని ఐదు పిల్లపురుగులు బయటికొచ్చాయి.

"పుట్టుకతో దొంగలు, ఐదు," అని నక్క లెక్క రాసుకుంది.

"రాసుకో నాయనా, రాసుకో. నీ చెయ్యి చల్లన," అంది ఉండ్రాళ్లమ్మ, పిల్లల మూతులు తుడుస్తూ.

నీతి: మంచిపని మానకుండా చేసుకోవాలనుంటే, ముందు దానికి యావజ్జీవం వేయించుకోవాలి.