తూకం గదిలో మొట్టికాయ

ఆ రోజు వాళ్లు వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆయన ఆఫీసుకి వెళ్లాలి, తనిఖీ గట్టెక్కి ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి, మధ్యాహ్నం భార్యతో కలిసి కిటికీలకి తెరలు కొనాలి. పెళ్లై నెలన్నర. తెరలు ఆకుపచ్చవా, పసుపువా అన్న వాదన ఇద్దరి మధ్యా కొన్నాళ్లుగా ఎంతో తియ్యగా నడుస్తోంది, తేలిపోతుందేమోనని ఇద్దరికీ బెంగ కూడా.

పొద్దున్నే మిక్సీ మొరాయించింది. ఆమె దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. మిక్సీ బుద్ధిగా తిరిగింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"వస్తువుల్ని అలా కొట్టకూడదోయ్!"

"కొట్టలేదండీ, మొట్టాను. కొట్టడం వేరు."

ఆమె పుట్టింట్లో దెబ్బ పడకుండా ఏ వస్తువూ పనిచేసి ఎరగదు. ఫ్రిజ్ తలుపు మీద తడితే చాలు, చల్లబడుతుంది. టీవీకి వీపు మీద చరుపు కావాలి. వాషింగ్ మెషీన్ మొండిది, పక్కటెముకల్లో గుద్దితేగాని కదలదు. దేనికి ఎంత మోతాదో వాళ్ల నాన్న చిన్నప్పుడే నేర్పాడు. మోతాదు మించితే ఆయనే నొచ్చుకుని యంత్రాన్ని కాసేపు నిమిరేవాడు కూడా.

అల్లుడుగారి లోకం వేరు. మందుల పరీక్షాకేంద్రంలో తూకం గది ఆయనది. ఆవగింజని ముక్కలు చేసి అందులో ఒక ముక్క బరువెంతో చెప్పగల త్రాసులు అక్కడుంటాయి. తుమ్ము వస్తే వరండాలోకి పరిగెత్తాలి. తలుపు రెండు చేతులతో వెయ్యాలి. ఆ అలవాటుకొద్దీ ఇంట్లో స్నానాలగది తలుపు కూడా పసిపాపని పడుకోబెట్టినట్టు వేస్తాడు. అది చూసి ఆమె రోజూ మురిసిపోతుంది.

మధ్యాహ్నం దాకా ఆగలేక ఆమె ముందే ఆయన ఆఫీసుకి బయల్దేరింది. అక్కడ గుమ్మం దగ్గర అడిగేవాళ్లెవరూ లేరు. గాజు తలుపు వెనక భర్త ఒక త్రాసు ముందు చెమటలు కక్కుతూ కనిపించాడు.

"ఏమైందండీ?"

"నువ్వెందుకొచ్చావ్! బయటివాళ్లు ఈ గదిలో అడుగుపెడితే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఎవరూ లేరుగా. మీ మొహం అలా వాడిపోయిందేం?"

"అంకె నిలబడటం లేదు. అది నిలబడితేగాని తనిఖీ కాగితం మీద సంతకం పెట్టనని చెప్పి మా పెద్ద మేడం టీకి వెళ్లింది."

ఆమె త్రాసు చుట్టూ ఒకసారి తిరిగి నాన్నకి ఫోన్ చేసింది. "నాన్నా, త్రాసు. గాజు పెట్టెలో ఉంది. అంకె ఊగుతోంది."

"గాజా? అయితే దాని జోలికి పోకమ్మా. కింద దిమ్మ ఉంటుంది చూడు, దానికి చిన్న మొట్టికాయ. మన మిక్సీకి వేసేదాంట్లో సగం."

"వద్దు! నీకు దణ్ణం పెడతాను!" అన్నాడు ఆయన. అప్పటికే టక్కుమంది. అంకె ఊగిసలాట మాని బొమ్మలా నిలబడింది.

వెనక నుంచి మేడం గొంతు వినిపించింది. "ఎవరీ అమ్మాయి?"

ఆయన జేబురుమాలు తీసి బల్ల తుడవడం మొదలుపెట్టాడు.

"సర్వీసు వాళ్లా? నిన్న ఫోన్ చేస్తే ఇవాళే పంపారా! ఇదే మొదటిసారి," అంది మేడం. "ఫోన్లో ఎవరు, మీ పెద్దాయనా?"

"పెద్దాయనేనండీ," అంది ఆమె నిజాయితీగా.

"మేడం, ఒక్క మాట..."

"నువ్వు మాట్లాడకు బాబూ. నీ ఊపిరి త్రాసుకి తగులుతుంది."

అక్కడితో ఆగితే బాగుండేది. మేడానికి తన గదిలో బిగుసుకుపోయిన బీరువా గుర్తొచ్చింది. అమ్మాయి వెళ్లి తాళం పక్కన ఒక్క గుద్దు గుద్దింది, బీరువా నోరు తెరిచింది. గరగరలాడే ఏసీకి కర్రతో రెండు తగిలించింది, అది గప్‌చుప్. వెనకాలే తిరుగుతున్న ఆయన ప్రతి దెబ్బకీ తన ఉద్యోగానికి తద్దినం పెట్టుకుంటున్నాడు.

"నాకూ నేర్పవా?" అంది మేడం, ఉన్నట్టుండి చిన్నపిల్లలా. "ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ దేన్నీ గట్టిగా ముట్టుకోలేదమ్మా. ఇంట్లో చపాతీ పిండి కూడా మా ఆయనే పిసుకుతాడు."

పాఠం బల్ల మీద మొదలైంది. తట్టడం వచ్చింది. చరచడం చక్కగా వచ్చింది. గుద్దడం దగ్గరికొచ్చేసరికి మేడం జుట్టు ముడి ఊడింది, బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఇప్పుడు త్రాసు!" అంటూ తూకం గదిలోకి దూసుకెళ్లి, అన్నిటికన్నా పెద్దదాని ముందు నిలబడింది.

"దీనికేం జబ్బు లేదు మేడం!" అన్నాడాయన.

"రాకుండా చూద్దాం."

"మేడంగారూ, మొట్టికాయండీ, వేలి కణుపుతో..." అని ఆమె అంటూనే ఉంది. మేడం బాదింది. అన్నేళ్లు దాచుకున్న బలమంతా అందులో ఉంది. త్రాసు గాజు తలుపులు కింద పడి భళ్లుమన్నాయి. అది ఒకసారి కీచుమని, ఇక ఏ అంకే చూపలేదు.

ఇంకా కట్ చెయ్యని ఫోన్లోంచి నాన్న గొంతు "అయ్యయ్యో, అది బాదుడమ్మా! నిమరండి, త్వరగా నిమరండి!" అంటోంది.

మేడం పిడికిలి వెనక్కి దాచుకుంది. "అమ్మాయ్, మీ సర్వీసు కంపెనీ పేరేమిటి? దీన్ని మీరే..."

ఆమెకి అబద్ధం నోటి దాకా వచ్చి తిరిగిపోయింది. "కంపెనీ లేదండీ. నేను ఈయన భార్యని. తెరలు కొందామని వచ్చాను."

"తప్పు నాదే మేడం," అన్నాడు ఆయన, ఆమెకి అడ్డంగా వచ్చి నిలబడుతూ. "బయటి మనిషిని రానిచ్చాను. నా ఉద్యోగం తీసెయ్యండి. పైవాళ్లు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను."

"జరిగింది... జరిగినట్టా?"

"అవును మేడం. మొత్తం."

మేడం జుట్టు ముడి వేసుకుంది. గాజు ముక్కల్ని చూసింది, తన చేతిని చూసుకుంది, ఆ తర్వాత కొత్త దంపతుల్ని ఎంతో వాత్సల్యంగా చూసింది.

"ఏ బయటి మనిషి? నాకెవరూ కనిపించలేదే," అని అక్కడికక్కడే పైఆఫీసుకి ఫోన్ చేసింది. "తనిఖీ అయిపోయిందండీ. కుర్రాడు బంగారం, వెంటనే పర్మనెంటు చెయ్యండి. పెద్ద త్రాసు ఒకటి పోయింది, దాన్ని ప్రాణంలా చూసుకున్నాడు పాపం, ఏం లాభం... దానికి వయసైపోయింది."

ఆ త్రాసు మీద అంటించి వచ్చిన ప్లాస్టిక్ పొర ఇంకా పూర్తిగా ఊడదియ్యనే లేదు.