పదిహేను వాట్ల నిశ్శబ్దం

పొద్దున ఏడు గంటల ప్యాసింజర్‌కు ధర్మవరం పోవాలి, యాంప్లిఫయర్ కొనాలి, భోజనాల వేళకు హిందూపురం వచ్చేయాలి, ఇంటి ఓనరు అనసూయమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా దాన్ని చప్పుడు కాకుండా మేడ మీదికి చేర్చాలి. శనివారానికి గణేష్ వేసుకున్న ప్లాను ఇంతే. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గణేష్ ప్లాన్లన్నీ చెప్పుకునేటప్పుడు ఇలాగే ఉంటాయి.

గణేష్ పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా. రోజూ రైల్లో పోయి వస్తాడు. సాయంత్రం ఇల్లు చేరగానే కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, ఎలక్ట్రిక్ గిటార్‌ను ఒళ్లో పెట్టుకుంటాడు. పాపం, అతనికున్న వ్యసనం అదొక్కటే. సిగరెట్టు లేదు, పేకాట లేదు. దానికి తోడు అరచేతిలో పట్టే బ్యాటరీ యాంప్లిఫయర్ ఒకటి ఉంది. అందులోంచి వచ్చే గిటార్ నాదం డబ్బాలో చిక్కిన ఈగ మోతలా ఉంటుందని భార్య సింధూర అంటుంది. ఆమె బడిపంతులమ్మ, ఉన్నదున్నట్టు చెప్పడం ఆమెకు అలవాటు.

వచ్చిన చిక్కల్లా కింది నుంచి వచ్చింది. పోయిన వారం అనసూయమ్మ మోకాళ్లు పట్టుకుని సగం మెట్లెక్కి, ఆడనే నిలబడి కేకేసింది. "సాయంత్రమైతే సాలు, పైన ఆ దబదబ ఏందప్పా? నడుం వాల్చనీకుండా చేస్తాండావు. ఇంకొక్కసారి ఇనపడిందంటే మీరు వేరే ఇల్లు చూసుకోండి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం మన గణేష్. ఏ దబదబ అమ్మా అని అడగాలా వద్దా? అడగలేదు. గిటార్ గురించేనని తనంతట తానే తీర్మానించుకుని, ఇకపై చప్పుడు రాదని మాటిచ్చేశాడు. ఇల్లు పోతే మామూలుగా పోదు మరి. మేడ మీద కూడా ఇరవై నాలుగు గంటలూ బోరు నీళ్లొచ్చే ఇల్లు హిందూపురంలో దొరకడమంటే పూర్వజన్మ సుకృతం. పైగా సింధూర పనిచేసే బడి ఎదురు సందులోనే ఉంది. ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే ముందు గిటార్‌ను, దాని వెనకే దాని ఓనరును ఖాళీ చేయిస్తానని ఆమె అన్నం వడ్డిస్తూ నిదానంగా చెప్పింది.

అయితే ఆ బెదిరింపులో గణేష్‌కు ఒక సాకు కూడా దొరికింది, కింది దాకా వినపడని కొత్త యాంప్లిఫయర్ కొనాలని. ట్యూబ్ యాంప్లిఫయర్ కొనాలని అతనికి ఏళ్ల నాటి కోరిక. ట్యూబంటే మరేం కాదు, పాత వాల్వు రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్డి. దాని గుండా వచ్చిన నాదం గుండ్రంగా, వెచ్చగా ఉంటుందని తెలిసినవాళ్లంటారు. సౌండు పెంచితే తప్ప ఆ వెచ్చదనం రాదు, పెంచితే గోడలు ఆగవు. కాబట్టి ఇంట్లో వాయించుకునేవాడు ఎంత తక్కువ వాట్లది తీసుకుంటే అంత మంచిది. ఒక్క వాట్ చాలు, నిజానికి అదే ఎక్కువ. ఈ సంగతి గణేష్ మూడు నెలలు ఫోన్లో చదివి కంఠతా పట్టాడు. కంఠతా పట్టినవాడు పరీక్షలో ఏం చేశాడో చూడండి.

ధర్మవరంలో రామాంజి అనే రేడియో మెకానిక్ ఉన్నాడు. పాత వాల్వు రేడియోలను విప్పి, వాటి టేకు పెట్టెల్లోనే యాంప్లిఫయర్లు బిగిస్తాడు. పనితనం గల మనిషి. బయట టీ కొట్టు దగ్గర గణేష్ అతనికి తన కష్టమంతా చెప్పుకున్నాడు. తమ ఓనరమ్మ రాక్షసి అని, సూది కింద పడినా ఇల్లు ఖాళీ చేయిస్తుందని కాస్త మసాలా కూడా కలిపాడు. రామాంజి అంతా విని, సరేలెమ్మని లోపలికి తీసుకుపోయాడు.

ఆ లోపల ఏముందంటే, పన్నెండు మరమగ్గాలు. రామాంజి బావమరిది షెడ్డు అది. పట్టుచీరలు నేసే ఆ పన్నెండు మగ్గాల మధ్య ఒక మూలన మెకానిక్ బల్ల ఉంది. ముప్పై ఏళ్లుగా అక్కడే కూర్చున్న మనిషి కాబట్టి రామాంజికి ఆ మోత మోతే కాదు. ఆ షెడ్డులో ఎవరూ నోటితో మాట్లాడరు, అన్నీ చేతులతోనే.

రామాంజి మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. మొదట ఒక్క వాట్‌ది. గణేష్ బల్ల మీదున్న పాత గిటార్ ఒకటి తగిలించి వాయించాడు, తీగలు కదలడం కనపడింది తప్ప ఏమీ వినపడలేదు. పాడైపోయిన సరుకనుకుని పక్కన పెట్టాడు. తర్వాత అయిదు వాట్లది. దోమ చెవి దగ్గరికొచ్చి పోయినట్టుంది. మూడోది పదిహేను వాట్లది. ఆహా, ఎంత సున్నితం! చెవికి తగుతూ తగలనట్టు, పక్కవాడికి కూడా తెలియనంత మెత్తగా పలికింది. గణేష్ కళ్లు చెమర్చాయి. అనసూయమ్మ మంచం పక్కన పెట్టి వాయించినా ఆమె నిద్ర చెడదనుకున్నాడు.

రామాంజి తల అడ్డంగా ఆడిస్తూ ఒక వేలు చూపించాడు, ఆ వేలితోనే మొదటి పెట్టెను చూపించాడు. ఇలాంటిది ఒక్కటే ఉంది, మళ్లీ దొరకదంటున్నాడు కాబోలని గణేష్ ఇంకా గట్టిగా కౌగిలించుకున్నాడు దాన్ని. రామాంజి ఏదో అరిచాడు కూడా. గణేష్ నవ్వుతూ డబ్బిచ్చి, దండం పెట్టి, ఫోన్ నంబరు రాసిచ్చి బయటపడ్డాడు.

తిరుగు రైలు గంటన్నర ఆలస్యం. గణేష్ ఇల్లు చేరేసరికి అనసూయమ్మ కునుకు ముగించి, వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ఆటోలోంచి దిగిన టేకు పెట్టెను చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"యాడిదప్పా ఈ రేడియో? అచ్చం మా ఆయన గుడ్డలంగట్లో ఉన్నట్టే ఉండాది."

అవునమ్మా రేడియోనే అని ఊరుకుంటే సరిపోయేది. కానీ దొరికిపోయానన్న భయంలో ఉన్నవాడు అవసరానికి మించి అబద్ధమాడతాడు. "మీ కోసమే తెచ్చినానమ్మా," అన్నాడు గణేష్. "పొద్దున్నే భక్తి పాటలు ఇందురని."

మెట్ల మీద నిలబడ్డ సింధూర రెండు చేతులతో తల పట్టుకుంది. అనసూయమ్మ కళ్లు మాత్రం నీళ్లతో నిండాయి. అయిదేళ్లలో ఏ అద్దెకున్నోళ్లూ తనకు ఒక వక్కపలుకు తెచ్చివ్వలేదని, కడుపున పుట్టిన బిడ్డలా తెచ్చావని అంది. అంత మాట విన్నాక నిజం చెప్పే దారి మూసుకుపోయింది. రేపు ఆదివారం ఎనిమిదింటికి మంచి గడియ ఉందని, పైకే వచ్చి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టించి మొదలుపెడదామని ఆమె తీర్మానించింది. ఎదురింటి చౌడక్కకు చెప్పింది. చౌడక్క సందంతా చెప్పింది.

సాయంత్రమంతా మొగుడూ పెళ్లాలు తర్జనభర్జన పడ్డారు. చివరికి సింధూరే ఉపాయం చెప్పింది. పెట్టె వెనక ఫోన్ దాచి, దానికి వైరు తగిలించి పాటలు పెడితే, ముందు కూర్చున్నవాళ్లకు రేడియో మోగినట్టే ఉంటుంది. గణేష్ ప్రాణం కుదుటపడింది.

ఆదివారం ఎనిమిదింటికి అనసూయమ్మ వెంట పదకొండు మంది ఆడవాళ్లు మేడెక్కారు. మోకాళ్ల నొప్పులు మరిచి ఆమె అందరికంటే ముందుంది. కొత్త వస్తువుకు చేయాల్సిన మర్యాదలన్నీ జరిగాయి. పెట్టెకు బంతిపూల దండ వేశారు, మూడు గుండీలకూ దట్టంగా పసుపు పూసి కుంకుమ పెట్టారు. దాంతో గుండీల మీది గుర్తులు కనపడకుండా పోయాయి. గణేష్ టెంకాయ కొట్టి, స్విచ్చి వేసి, వెనక ఫోన్లో పాట నొక్కాడు. ఏమీ వినపడలేదు. ట్యూబులు వేడెక్కడానికి కొంచెం సేపు పడుతుంది. ఆ ముక్క మూడు నెలల చదువులో గణేష్ చదివాడు, కానీ పదకొండు మంది రెప్పవేయకుండా చూస్తుంటే చదివింది ఎవరికి గుర్తుంటుంది? సౌండుదనుకున్న పసుపు గుండీని తిప్పాడు. ఇంకా తిప్పాడు. అది తిరిగినంత దూరం తిప్పాడు. ట్యూబులు ఎర్రబడుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

మోగడమంటే అలా ఇలా కాదు. చూరు కింది పావురాలు లేచిపోయాయి, కింద వంటింట్లో గిన్నెలు దొర్లాయి, చౌడక్క పక్కనున్న మనిషిని వాటేసుకుంది. గణేష్ పెట్టె వెనక దూరి ఫోన్ కట్ చేయబోయాడు. చెమట పట్టిన వేలు ఎర్రగుర్తు మీదికి పోకుండా పచ్చగుర్తు మీదికి జారింది. ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య మాట్లాడి అలవాటైన రామాంజి గొంతు సందు సందంతా పలికింది.

"ఏమప్పా గణేష్! ఈపొద్దు కరెంటు లేదు, మగ్గాలు నిల్చినాయి, అందుకే చేస్తాండా. ఒక్క వాట్‌ది తీసుకోప్పా అని ఏలు చూపిస్తాంటే, నువ్వు పదిహేను వాట్లది ఎత్తుకోని పోతివి. అది పెండ్లి మండపానికి సరిపోతాది. ఇంట్లో గిటార్ వాయించేవు, మీ ఓనరమ్మ అసలే రాక్షసి అని చెప్పినావు, ఇల్లు ఖాళీ చేయిస్తాది!"

గణేష్ స్విచ్చి పీకేశాడు. పదకొండు జతల కళ్లు అనసూయమ్మ వైపు తిరిగాయి. సింధూర మనసులోనే సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. ఇక దాచడానికి ఏమీ మిగలక, గణేష్ తల వంచుకుని అంతా ఒప్పుకున్నాడు. ఇది రేడియో కాదని, సాయంత్రాలు గిటార్ వాయించేది తానేనని, ఆమెను ఇబ్బంది పెట్టకూడదనే ఇంత తిప్పలు పడ్డానని చెప్పాడు.

"గిటారా?" అంది అనసూయమ్మ నిజంగానే ఆశ్చర్యపోయి. "నువ్వు గిటార్ వాయిస్తావని నాకెట్ల తెలుస్తాదప్పా? నాకు ఏ పాటా ఇనపళ్లేదు. నాకినపడేది దబదబ. నా మంచానికి సరిగ్గా పైన."

గది నిశ్శబ్దంగా ఉంది, ఒక్క చప్పుడు తప్ప. భయంతో వణుకుతున్న గణేష్ కుడి మడమ నేలను తాళం తప్పకుండా కొడుతోంది. అందరూ కిందికి చూశారు.

"అదే," అంది అనసూయమ్మ. "అదే ఆ దబదబ."

రాగం తీసినప్పుడల్లా మడమతో తాళం వేయడం గణేష్‌కు తెలియకుండానే పట్టిన అలవాటు. మూడు నెలల చదువు, ధర్మవరం ప్రయాణం, ఇంత అబద్ధం, అంతా కలిపి ఒక దిండు చేసే పనికి. ఆ దిండు సింధూర అప్పటికప్పుడు తెచ్చి అతని కాలి కింద పెట్టింది. ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేదని అనసూయమ్మ పదకొండు మంది ముందూ చెప్పింది. గణేష్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. అయితే ఆమె ఇంకా లేవలేదు.

"రాక్షసి అన్నందుకు నేనేమీ అనుకోను. కానీ ఆ పెట్టె నా కోసం తెచ్చినానన్నావు. టెంకాయ కొట్టి, హారతిచ్చి మళ్లా లేదంటే దేవునికి బాగుండదప్పా."

ఆడవాళ్లు నలుగురు కలిసి పెట్టెను పూలదండతో సహా కిందికి మోసుకుపోయారు. గణేషే వెళ్లి దానికి మైకు తగిలించి రావాల్సి వచ్చింది. ఇప్పుడు శనివారం శనివారం అనసూయమ్మ హాల్లో భజన. చౌడక్క గొంతు ట్యూబుల గుండా గుండ్రంగా, వెచ్చగా వస్తుంది. పైన గణేష్ కాలి కింద దిండు, చేతిలో పాత ఈగ డబ్బాతో కూర్చుంటాడు.

మొన్న శనివారం తన గిటార్ తనకే వినపడక, కిందికి దిగి కాస్త సౌండు తగ్గించుకోమని ఎంతో వినయంగా అడిగాడు. అంత ఇబ్బందిగా ఉంటే వేరే ఇల్లు చూసుకొమ్మని అనసూయమ్మ మైకులోనే చెప్పింది.