బాలవ్వ ఇచ్చిన సాక్ష్యం

ఆ ఉదయం విమలమ్మ వేసుకున్న పథకం చిన్నదే. హుస్నాబాద్ నుంచి పిల్ల తరఫువాళ్లు ఈ వారంలో కొడుకు నవనీత్ గురించి ఎంక్వయిరీకి రావచ్చు. వచ్చినవాళ్లు ముందు ఎదురింటి బాలవ్వనే అడుగుతారు. కాబట్టి బాలవ్వకు రెండు మంచి మాటలు అప్పజెప్పి ఉంచాలి.

కిందటిసారి చిన్నకోడూరు సంబంధం ఒక్క మాటతో చెడింది. నవనీత్ పనిచేసే స్టార్టప్‌లో ఆరుగురే ఉంటారని తెలిసి, "గింత చిన్న కంపెనీ, రేపుంటదో మూస్తరో" అంటూ వాళ్లు చాయ్ తాగకుండానే లేచారు. విమలమ్మ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు నవనీత్. బీడీలు చుట్టి చదివించిన తల్లికి ఆ మాట ముల్లులా దిగింది.

"కంపెనీ మావోనిదే అని చెప్పక్కా," అంది విమలమ్మ.

"నాకు నేర్పుతున్నవా? నేను చెప్తే పిల్లను తోల్కొనే వస్తరు," అంది బాలవ్వ.

విమలమ్మకు తెలియనిది ఒకటుంది. నవనీత్‌కు హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో ప్రోగ్రామర్ ఉద్యోగం దాదాపు ఖాయమైంది. అపాయింట్‌మెంట్ ఆర్డర్ చేతికి రాకముందే చెబితే దిష్టి తగులుతుందని తల్లి నేర్పిన పాఠాన్నే పాటించి, ఇంట్లో చెప్పలేదు. ఆర్డర్ ఇచ్చేముందు ఇల్లూ నడవడికా విచారించి రమ్మని ఆ కంపెనీ శ్రీవర్ధన్ అనే మనిషిని పంపింది. అతను నేరుగా వచ్చి బాలవ్వ వాకిట్లో ఆగాడు.

"అమ్మా, నవనీత్ గురించి ఎంక్వయిరీకి వచ్చిన. ఏం చేస్తడాయన?"

"చేసుడేంది బిడ్డా, కంపెనీయే గాయినది. పదిమందికి జీతాలిస్తడు."

శ్రీవర్ధన్ కనుబొమలు ముడిపడ్డాయి. "సొంతదా? వేరే నౌకరీ వస్తే ఇడిచిపెడ్తడా మరి?"

నిలకడ గల పిల్లవాడేనా అని అడుగుతున్నాడనుకుంది బాలవ్వ. "పానం పోయినా ఇడువడు. ఒకల కింద జేసే రకమే గాదు. గా మేడ గూడ వాళ్లదే."

ఆ మేడ మీద బట్టలారేస్తున్న దాని యజమాని అహ్మద్ ఉలిక్కిపడ్డాడు. అంతలోనే పెళ్లి ముచ్చటని గ్రహించి, "మేం కిరాయికుంటున్నం సార్. ఓనర్లు మంచోళ్లు," అని సొంత ఇంటిని ధారపోశాడు.

శ్రీవర్ధన్ అక్కడికక్కడే ఫోన్‌లో రిపోర్టు పంపేశాడు. వెళ్లబోతుంటే విమలమ్మ పిల్ల తరఫు మనిషే అనుకుని అడ్డం నిలబడి, వద్దన్నా వినకుండా లోపలికి తీసుకుపోయి అన్నం వడ్డించింది.

అతను మారు వడ్డించుకునేలోపే నవనీత్ పరుగున వచ్చాడు. సొంత వ్యాపారం దాచిపెట్టాడని ఆర్డర్ ఆపేస్తున్నట్టు కంపెనీ నుంచి ఫోన్ వచ్చిందట.

"అమ్మా, ఎవరన్నా వచ్చిన్రా?"

"మెల్లగ మాట్లాడు. పిల్లోళ్ల తరఫాయన తింటుండు."

"పిల్లోళ్ల తరఫు గాదమ్మా, కంపెనీ తరఫు," అన్నాడు శ్రీవర్ధన్, ముద్ద మింగి.

నవనీత్ అరవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, "గా పెద్ద కంపెనీల నెలనెలా జీతం వస్తే నీతోని బీడీలు మాన్పిద్దామనుకున్న," అన్నాడు. విమలమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

గుమ్మంలో నిలబడి అంతా విన్న బాలవ్వ కొంగు బిగించి ముందుకొచ్చింది. "బిడ్డా, పెండ్లికాడ నాలుగు మాటలు పెంచి చెప్తం. బతుకుదెరువు కాడ చెప్పం. ఇల్లు కిరాయిది. మేడ అహ్మద్‌ది. కంపెనీ ముబష్షిరమ్మది. వీడు గాడ కొలువు జేస్తడు. గల్లీల ఎవలకు పింఛన్ ఆగినా ఆన్‌లైన్ల ఎక్కిచ్చేది వీడే, దానికి చాయ్ గూడ తాగడు. గీ ఒక్కటి నిజం, గిదే చెప్పుడు మర్శిన."

"మేడ నాదే సార్, మాఫ్ చేయున్రి," అన్నాడు అహ్మద్ కిటికీలోంచి.

శ్రీవర్ధన్ స్టార్టప్‌కు ఫోన్ చేశాడు. "ఓనర్ నేనే," అంది ముబష్షిరా. "నవనీత్ పోతే నాకు కుడిచెయ్యి పోయినట్టే. అయినా ఇష్టపడి పంపుతున్న. మీరు అడ్డం పడకున్రి."

అతను చెయ్యి కడుక్కుని రెండో రిపోర్టు పంపాడు. రెండు రోజుల్లో ఆర్డర్ వచ్చింది.

నవనీత్ చేరాడు. ప్రాజెక్టు వచ్చేదాకా ఆగమన్నారు. స్టార్టప్‌లో ఆరుగురి పని ఒక్కడే చేసిన మనిషికి ఇక్కడ కుర్చీ తప్ప పని దొరకలేదు. జీతం మాత్రం ఒకటో తారీఖునే పడింది. బీడీల చాట అటకెక్కింది.

నెల దాటాక హుస్నాబాద్ వాళ్లు తీరిగ్గా వచ్చారు. ఇక పెళ్లికైనా అబద్ధమాడనని ఒట్టేసుకున్న బాలవ్వ, విమలమ్మ కళ్లతో ఎంత సైగ చేసినా ఆగకుండా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. "పెద్ద కంపెనీయే. పనైతే ఏం లేదు. ఊకెనే కూసుండవెట్టి జీతమిస్తున్నరు."

పిల్ల తండ్రి మారుమాట లేకుండా ముహూర్తం అడిగాడు.