బోర్డు మార్చిన అప్పారావు

ఆ సాయంత్రం నరసరావుపేట ఎరువుల వర్తకుల సంఘానికి అప్పారావు అధ్యక్షుడు కావాలి. ఎన్నాళ్ళ కోరికో అది. పోటీ కూడా లేదు. పేరు ప్రతిపాదించేది ఊరికి ఆ చివర కొట్టున్న చిన్ననాటి స్నేహితుడు బ్రహ్మయ్య. పొద్దున్నే అప్పారావుకు మిగిలిన పని ఒక్కటే, ఇంట్లో కంప్యూటర్‌లో దాచుకున్న ఉపన్యాసాన్ని ప్రింటు తీసుకోవడం. చేత్తో రాసుకోవచ్చుగా అంటారేమో, ఆయన దస్తూరీ ఆయనకే అంతుపట్టదు.

కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని ముందురోజే మెకానిక్ అరుణ్ కుమార్ చేత లోపలి మదర్‌బోర్డు మార్పించాడు. ఇప్పుడది చిటికెలో తెరుచుకుంది. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ‘ఈ కంప్యూటర్‌కు లైసెన్స్ లేదు’ అని మొండికేసింది. అప్పారావు అరుణ్ కుమార్‌కు ఫోన్ చేశాడు.

“అది బోర్డును బట్టి కంప్యూటర్ని గుర్తుపట్టుద్ది బాబాయ్. బోర్డు మారింది గదా, ఇది ఇంకెవరిదో అనుకుంటంది. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త కీ ఇస్తారు.”

“కొన్నది నేనేగా! నాది కాదనటానికి అదెవరంట?”

అప్పారావు కంపెనీకి ఫోన్ చేశాడు. కాసేపు ఆగమని చెప్పి అవతల వీణ మొదలుపెట్టారు. మధ్యలో బ్రహ్మయ్య ఫోన్ వస్తున్నా, వీణ పోతే మళ్ళీ మొదటికొస్తుందని తియ్యలేదు. బ్రహ్మయ్య అప్పారావు భార్య కన్యకాపరమేశ్వరికి చేశాడు.

“ఏమ్మా, మావాడు ఫోన్ ఎత్తటంలా. ఏంది సంగతి?”

“ఏం చెప్పమంటావన్నయ్యా! లైసెన్సు పోయిందంట. టిఫినన్నా ముట్టలా.”

“లైసెన్సు పోయిందా! ఎట్టా?”

“నిన్న బోర్డు మార్పించారుగా. మార్చంగానే లైసెన్సు లేదంటంది.”

బ్రహ్మయ్య ఇంకేమీ అడక్కుండా ఫోన్ పెట్టేశాడు. ఎరువుల కొట్టువాడికి లోకంలో లైసెన్సు ఒకటే, బోర్డూ ఒకటే. కొట్టు మీద రంగు వెలిసిన బోర్డు మార్చాలని అప్పారావు మొన్ననే అన్నాడు కూడా. ఆఫీసులో చెప్పకుండా పేరేదో మార్చి ఉంటాడు, వెర్రిబాగులవాడు!

బ్రహ్మయ్య ఉన్నపళంగా వ్యవసాయాఫీసుకు బయలుదేరాడు. దారిలో కనపడ్డ వర్తకులందరికీ “ఎవురికీ చెప్పమాక” అని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు.

“అయ్యా, మావాడు తెలవక చేశాడు. లైసెన్సు తీసెయ్యమాకండి” అని అధికారి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అధికారి ఎంత వెతికినా రద్దు చేసిన దాఖలా లేదు. ఏమీ చేయనివాడి కోసం ఇంతగా ఎందుకు ఏడుస్తున్నాడని ఆయనకు అనుమానం వచ్చింది. తిన్నగా జీపెక్కి తనిఖీకి వెళ్ళాడు. కొట్టు ముందు జీపు చూశాక బజారులో ఇక ఎవరికీ సందేహం మిగల్లేదు.

అప్పారావు చెవి దగ్గర ఫోన్‌తో పరుగెత్తుకొచ్చాడు. బస్తాలన్నీ లెక్క చూసేసరికి పొద్దువాలింది. లక్ష్మీదేవి పటం కింద లైసెన్సు ఎప్పటిలాగే వేలాడుతోంది. “అంతా సవ్యంగానే ఉందయ్యా. మరి మీ బ్రహ్మయ్య ఎందుకు ఏడ్చినట్టు?” అంటూ అధికారి వెళ్ళిపోయాడు. అప్పుడు ఆగింది వీణ. “సార్, మీ కొత్త కీ పంపించామండి.”

ఇంటికి ఉరికి, ప్రింటు తీసుకుని, సంఘం హాలుకు చేరేసరికి బ్రహ్మయ్య మెడలో దండ ఉంది. లైసెన్సు లేనివాడు అధ్యక్షుడు కాకూడదన్నది సంఘం నియమం.

“నీ కుర్చీ ఇంకోడికి పోకూడదని నేను కూర్చున్నానురా” అన్నాడు బ్రహ్మయ్య. సంగతంతా విన్నాక మెడలో దండ తియ్యబోయాడు. “ఇప్పుడే రాజీనామా చేస్తా.”

“ఎన్నుకున్న పూటే రాజీనామా అంటే సంఘం పరువేం గావాల?” అన్నారెవరో. తలలన్నీ ఊగాయి.

అప్పారావుకు ఎవరిమీదా కోపం రాలేదు. పొద్దున ఆ ఒక్క ఫోన్ ఎత్తి ఉంటే బాగుండేదని మాత్రం ప్రాణం ఉసూరుమంది.

“ఒరేయ్, నాకు మాట్టాడటం చేతగాదు. ఆ కాగితం ఇటియ్యి” అన్నాడు బ్రహ్మయ్య. అప్పారావు ఇచ్చాడు. బ్రహ్మయ్య గొంతు సవరించుకుని చదివాడు. “నన్నింతవాణ్ణి చేసిన నా ప్రాణమిత్రుడు బ్రహ్మయ్యకు జన్మంతా రుణపడి ఉంటాను.”

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే చివర, మెల్లగా, అప్పారావు కూడా కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి కంప్యూటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. ‘అభినందనలు. మీ లైసెన్స్ జీవితాంతం చెల్లుతుంది.’