ఆ రాత్రి తెల్తాయ్ ఎవరింట్లో తిన్నాడు?

సగిన్‌బాయ్ మాస్టారు వరండాలో మీగడ తీసే యంత్రం పిడి తిప్పుతున్నారు. ఒక గొట్టంలోంచి పాలు, మరో గొట్టంలోంచి మీగడ వేరుపడి వస్తున్నాయి. తన బుర్ర కూడా ఇలాంటిదేననీ, అబద్ధాన్నీ నిజాన్నీ విడదీసి పారేస్తుందనీ ఆయన నమ్మకం. బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఆ బుర్రకు దొరికిన పని ఒక్కటే, నీలికోటు వాడి హత్య. వందేళ్ల నాడు నీలికోటు వేసుకుని వచ్చి, పన్ను పేరు చెప్పి ఊరి గుర్రాలను తోలుకుపోయేవాడు ఒకడుండేవాడు. కనుమ అవతలివాడు. ఓ పెళ్లి రాత్రి పిండిమర దగ్గర ఎవరో వాణ్ణి చంపేశారు. వాడి అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. మాస్టారూ ఆరా తీయలేదు. కావలసింది చంపినవాడి పేరు గాని, పోయినవాడి పేరుతో పనేముంది?

అనుమానితుల్లో మొదటివాడు తెల్తాయ్. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆ మధ్యాహ్నం మాస్టారి కూతురు బూరుల్‌కు కమ్మలు పెట్టడానికి వస్తున్నది తెల్తాయ్ వంశం వాళ్లే. కమ్మలు పెడితే సంబంధం ఖాయమైనట్టు. పట్నంలో చదువుకునేటప్పుడు పిల్లా పిల్లాడూ ఇష్టపడి కుదుర్చుకున్నది. చెడితే బూరుల్ ఈ జన్మలో తండ్రి ముఖం చూడదు.

"ఇవాళ ఒక్కరోజు ఆ హత్య మాటెత్తకండి. పోయినాయన్ని కాస్త పడుకోనివ్వండి," అంది భార్య ఐమ్‌కుల్, పిండి ముక్కలు నూనెలో వేయిస్తూ.

ఎత్తనన్నారు మాస్టారు. అయితే పిడి తిప్పుతూండగా ఆయనకో ఆలోచన తట్టింది. ఆ రాత్రి తెల్తాయ్ మరోచోట ఉన్నాడని రుజువు చేసి వియ్యాలవారికి కానుకగా ఇస్తే? గుర్రం ఇచ్చినా అంత గౌరవం రాదు.

వెంటనే కంచె దగ్గరికి వెళ్లి పక్కింటి ఒరోజ్‌బెక్‌ను అడిగారు. ఒరోజ్‌బెక్ తడుముకోలేదు. తెల్తాయ్ ఆ రాత్రి తమ తాత దగ్గరే ఉన్నాడట, పొట్టేలును కోస్తే, పెద్ద అతిథికి దక్కే తలకాయ అతని ముందే పెట్టారట. మాస్టారికి ఆనందం పట్టలేదు. మధ్యాహ్నం వచ్చి వియ్యాలవారి ఎదుట ఆ మాట చెప్పమని పిలిచారు.

ఎదురింటావిడ ఆ మాట వినేసింది. ఆ ఊళ్లో పెళ్లికొచ్చిన పెద్దమనిషి ఫలానా ఇంట్లో తిన్నాడంటే, మిగతా ఇళ్లవాళ్లు అతణ్ణి ఆకలితో పోనిచ్చారన్నమాటే. ఆవిడ ఆ అవమానం భరించలేక తలగుడ్డ సర్దుకుని వచ్చేసింది. తెల్తాయ్ గుర్రాన్ని కట్టింది తమ గుంజకేనంది. ఆవిడ వెనకాలే గొర్రెల కాపరి జపార్ వచ్చి, మా ముత్తాత అతని కోసం పోతుగుర్రం పిల్లనే కోశాడన్నాడు. తర్వాత పిండిమర వాళ్లొచ్చారు. ఆ తర్వాత మరవాళ్లతో మాటల్లేనివాళ్లూ వచ్చారు. గడప తొక్కినవాణ్ణి తిండి పెట్టకుండా పంపడం ఎక్కడా లేదు గనక, వియ్యాలవారి కోసం ఉడుకుతున్న మాంసం కుండ అడుగంటుతూ వచ్చింది. ఐమ్‌కుల్ వడ్డిస్తూనే ఉంది.

మాస్టారు లెక్క వేసుకున్నారు. ఒక ఇంట్లో తిన్నవాడు నిర్దోషి. ఒకే రాత్రి ఇన్ని ఇళ్లలో తిన్నవాడు ఏ ఇంట్లోనూ లేనట్టే. వీళ్లందరినీ పెరటిదారిన సాగనంపాలనుకుంటూండగానే వాకిట్లో కారు ఆగింది.

పెళ్లికొడుకు నాయనమ్మ కనిమ్‌బూ గుమ్మానికెదురుగా పెద్దపీట మీద కూర్చుంది. ఆవిడ రొట్టె తుంచకముందే సాక్షులు ఎవరి కథ వాళ్లు అందుకున్నారు. ఆవిడ నెమ్మదిగా నములుతూ అందరూ చెప్పిందీ విని, చివరికి నోరు తుడుచుకుంది.

"అంటే మా తాత ఆ రాత్రి ఇల్లిల్లూ తిరిగి మెక్కాడంటారు."

ఆవిడ మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, ఆ రాత్రి మా తాత నోట్లో గంజి చుక్క పడలేదు నాయనా. మర వెనకాల మంచులో కూర్చుని నీలికోటు వాడి కోసం కాచుకున్నాడు. ఒక్క దెబ్బకి పడగొట్టాడు. మా ఇంట్లో పిల్లలు ఆ కథ వింటేగాని నిద్రపోరు. ఊరి గుర్రాలను నిలబెట్టిన మనిషిని తిండిపోతును చేస్తారా?"

కమ్మల పెట్టె మూత టక్కున పడింది. బూరుల్ తండ్రివైపు చూసిన చూపుకు మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి.

ఆయన సాక్షుల వైపు తిరిగి, బాగా గుర్తు తెచ్చుకోండని బతిమాలారు. ముందుగా ఒరోజ్‌బెక్‌కు గుర్తొచ్చింది. తలకాయ ఉడికిన మాట నిజమే గాని తెల్తాయ్ రాలేదట, అది చల్లారిపోయిందట. మిగతా ఇళ్లలోనూ మాంసం అలాగే చల్లారింది. ఆపైన జపార్‌కు, తన ముత్తాత తెల్తాయ్‌ను దుడ్డుకర్రతో మరవైపు వెళ్తూండగా చూశాడని జ్ఞాపకం వచ్చింది. రెండో విడత టీ వచ్చేసరికి సగం ఊరు ఆ హత్యను కళ్లారా చూసేసింది. నీలికోటు వాడు దొంగ అని ఒకరూ, కుక్క అని ఒకరూ అన్నారు. కనిమ్‌బూ మనసు కరిగింది. కమ్మలు బూరుల్ చెవులకెక్కాయి. వందేళ్ల కేసు తేల్చిన గర్వంతో మాస్టారు మీసం దువ్వుకున్నారు.

ఈ గొడవలో ఏడుతరాలు చెప్పుకోవడం మరిచిపోయారు. ఏడుతరాల లోపల చుట్టరికం ఉంటే పెళ్లి పనికిరాదు. మాస్టారు తన తాతముత్తాతలను గడగడా అప్పజెప్పారు. తల్లివైపు కూడా చెప్పమంది కనిమ్‌బూ. మాస్టారు ఐమ్‌కుల్ వైపు చూశారు. కనుమ అవతలి నుంచి ఆమెను తెచ్చుకున్న సంగతి తప్ప ఆయనకేమీ తెలియదు.

ఐమ్‌కుల్ టీ పోస్తూనే చెప్పింది. "మా నాన్న జెక్షెన్. ఆయన తండ్రి కిదిర్. ఆయన తండ్రి సుల్తాన్. ఇందాకట్నుంచి మీరంతా తిడుతున్న నీలికోటు ఆయనే."

గదిలో నమలడం ఆగింది.

"ఇన్నేళ్లుగా చెప్పలేదేమే?" అన్నారు మాస్టారు.

"మీరు అనుమానితుల్నే గదా అడుగుతారు."

ముందుగా తేరుకున్నది కనిమ్‌బూయే. పూర్వం రెండు వంశాల మధ్య నెత్తురు పడితే పిల్లనిచ్చి పగ చల్లార్చేవారనీ, ఈ పూట అదే జరిగిందనీ, ఇంతకన్నా మంచి శకునం ఉండదనీ తేల్చేసింది. అందరూ ఆచారం ప్రకారం చేతులెత్తి, అరచేతులతో ముఖం తుడుచుకుని దీవించారు. అందరికంటే ముందు చేతులెత్తినవారు మాస్టారు.

ఐమ్‌కుల్ టీకెటిల్ కింద పెట్టింది. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మడిచింది. గుమ్మం దగ్గర రబ్బరు జోళ్లు తొడుక్కుని ఇంట్లోంచి వెళ్లిపోయింది.

వందేళ్ల కిందట తెల్తాయ్ ఎటు వెళ్లాడో చూసిన ఆ ఊళ్లో, ఆ సాయంత్రం ఐమ్‌కుల్ ఎటు వెళ్లిందో చెప్పడానికి ఒక్క సాక్షీ దొరకలేదు.